యంత్రలేఖకుడు - వంశావళి : ప్రోగ్రాముల మార్పున కలుగు పాఠనష్టము

తెలుగుదేశమున వంశావళులను వ్రాసియుంచుట నేడు పుట్టిన యాచారము కాదు. తూర్పుచాళుక్యుల తామ్రశాసనములు కుబ్జవిష్ణువర్ధనుడు మొదలుకొని రాజులను వరుసగా పేర్కొనుచు, ఎవరెన్ని యేండ్లు పాలించిరో కూడ తెలుపుచుండును. ఆ వరుస ఒక శాసనమునుండి మఱొక శాసనమునకు ఎక్కుచు వచ్చినది. ఎక్కుచు వచ్చుటలో మాఱుచును వచ్చినది. రెండవ విజయాదిత్యుని పాలనకాలము కొన్ని శాసనములలో 48 ఏండ్లు, కొన్నిటిలో 40 ఏండ్లు. ఈ భేదము చరిత్రకారుల కంటబడుటకు హేతువొక్కటే: రేకులు పెక్కు నిలిచియున్నవి, ఒకదాని ప్రక్క నొకటి నుంచి చదువుటకు వీలున్నది. ఒక్క రేకే మిగిలియుండినచో దానియందలి సంఖ్యయే సిద్ధాంతమై యుండెడిది; సందేహమునకు తావే యుండెడిది కాదు.

నేటి గృహస్థులు వంశవృక్షమును తాటాకుమీదను, చిట్టా పుస్తకమునందును గాక కంప్యూటరులో భద్రపఱచుకొనుచున్నారు. ఇందులకై ప్రత్యేకముగా వెలసిన ప్రోగ్రాములు పెక్కు కలవు. అవి పుట్టుచున్నవి, పెరుగుచున్నవి, వానిని తయారుచేసినవారు వ్యాపారము చాలించుకొన్ననాడు నిలిచిపోవుచున్నవి. అప్పుడు గృహస్థుడు తన వంశమునంతయు మూటగట్టుకొని మఱొక ప్రోగ్రామునకు కాపురము మార్చవలసివచ్చును. ఈ మార్పును గూర్చి ముచ్చటించువారు సాధారణముగా దీనిని సామాను తరలించుట వంటి పనిగా భావింతురు. పెట్టెలన్నియు చేరినవో లేదో లెక్కించుకొన్న చాలునందురు. ఇది సామాను తరలింపు కాదనియు, ప్రతి వ్రాయుట యనియు నా యభిప్రాయము. ఒక లేఖకుడు మాతృకను చూచి పుత్రికాప్రతిని వ్రాయుచున్నాడు. ఆ లేఖకుడు యంత్రమగుట యొక్కటియే విశేషము. కావున తాళపత్రప్రతులను పరిష్కరించుటకు మనము వాడు పద్ధతులనే యిచటను వాడవలసియున్నది.

మన లేఖకునకును యంత్రలేఖకునకును ముఖ్యమైన భేద మొకటి కలదు. మాతృకలో అక్షరము చిల్లిపడినచో మన లేఖకుడు ఖాళీ విడిచెను, లేదా చుక్కలు పెట్టెను. పరిష్కర్త దానిని చూచి యిచట గ్రంథపాతము కలదని గుర్తించెను. గ్రంథాంతమున లేఖకుడు చూచినది చూచినట్లు వ్రాసితిననియు, తప్పులున్నచో పెద్దలు మన్నింపవలెననియు విన్నవించుకొనుటయు కలదు. యంత్రలేఖకుడు తనకు తెలియనిదానిని విడిచిపెట్టును. విడిచినచోట ఖాళీని కూడ మిగుల్పడు. ముందు వెనుకలు అతికినట్లు కలిసిపోవును. కొన్ని ప్రోగ్రాములు తాము గ్రహింపలేకపోయిన పంక్తుల జాబితాను వేఱుగా వ్రాసి యిచ్చును. అది మెచ్చదగిన సద్గుణమే. ఆ జాబితాను తెఱచి చదువువారెందఱన్నది వేఱు ప్రశ్న.

ఈ ప్రతిలేఖనమునకు వాహకముగా నున్నది జెడ్‌కామ్ అను వ్రాతపద్ధతి. అమెరికాలోని లేటర్ డే సెయింట్స్ అను క్రైస్తవసంఘమువారు 1984లో దీనిని వెలువరించిరి. జెడ్‌కామ్ ఫైలు సామాన్యమైన పాఠము. ఎవరైనను తెఱచి చదువవచ్చును. ప్రతి పంక్తి మొదటను ఒక అంకె యుండును. సున్న యున్నచో క్రొత్త వ్యక్తియో, క్రొత్త కుటుంబమో ప్రారంభమైనదని యర్థము. ఒకటి యున్నచో ఆ వ్యక్తికి సంబంధించిన విషయము; రెండు ఉన్నచో ఆ విషయమునకు సంబంధించిన వివరము. అంకె తరువాత మూడు నాలుగు ఆంగ్లాక్షరముల సంకేతము, అటుపై దాని విలువ. జననము ఒకటవ మెట్టుమీద నుండును. జననమైన తేది, స్థలము, ఆ సంగతి యెచటనుండి తెలిసినదను ఆధారము రెండవ మెట్టుమీద నుండును. ఆ యాధారమున నెన్నవ పుటలో నున్నదో మూడవ మెట్టుమీద నుండును. వ్యాకరణశాస్త్రమున పై సూత్రమునందలి పదము క్రింది సూత్రమునకు అనువర్తించునట్లు, ఇందును పై పంక్తి యర్థము క్రింది పంక్తులకు అనువర్తించుచుండును. కావున పై పంక్తిలోని సంకేతము తెలియదని త్రోసివేసిన ప్రోగ్రాము, దాని క్రిందనున్న తేదిని, స్థలమును, ఆధారమును కూడ త్రోసివేయును. ఒక్క పదము నెఱుగమి నాలుగు పంక్తుల గ్రంథపాతముగా పరిణమించును.

ఈ పద్ధతి పలుమాఱులు సంస్కరింపబడినది. 1996 నాటి 5.5 కూర్పు విశేషవ్యాప్తి నొందెను. 1999లో వచ్చిన 5.5.1 కూర్పు ఇరువదియేండ్లు ముసాయిదాగానే యుండి, 2019లో గాని ప్రామాణిక మనిపించుకొనలేదు. ముసాయిదాయైనను ప్రోగ్రాములు దానినే అనుసరించుచుండెను. మన కా కూర్పు ముఖ్యమైనది; ఏలయన తెలుగు మొదలగు లిపులను వ్రాయుటకు అనువగు యూటీఎఫ్-8 అందుననే ప్రవేశించెను. 2021లో 7.0 కూర్పు వెలువడెను. ఐనను పెక్కు ప్రోగ్రాముల నడుమ ఇచ్చిపుచ్చుకొనుట నేటికిని 5.5.1 మీదనే నడచుచున్నది.

ప్రతి వ్రాతపద్ధతియు దానిని పుట్టించినవారి ప్రయోజనమును మోయుచుండును. జెడ్‌కామ్‌ను నిర్మించిన సంఘమువారు తమ పూర్వులకై ఆలయములలో జరుపు సంస్కారములకు ప్రత్యేక సంకేతములను ఏర్పఱచుకొనిరి. బాలునకు పేరిడు క్రైస్తవసంస్కారమునకు సంకేతము కలదు. యూదుబాలుడు పదుమూడవయేట పొందు సంస్కారమునకును కలదు. ఉపనయనమునకు లేదు. కులమునకు సంకేతమున్నది, గోత్రమునకు లేదు! దీనిని దోషముగా నెన్నుట నా యుద్దేశము కాదు. అవతారికలో కృతిపతి వంశమును వర్ణించు కవి కృతిపతికి వలసినవారినే వర్ణించును గాని ఊరివారి నందఱను వర్ణింపడు గదా. సంకేతము లేనిచోట వాడుకొనుటకు ‘ఇతర సంఘటన’, ‘ఇతర విషయము’ అను అర్థమునిచ్చు సామాన్యసంకేతము లున్నవి. వాని క్రింద ఉపనయనమనియో గోత్రమనియో పేరు వ్రాసికొనవచ్చును. ఇట్లుగాక ప్రోగ్రాము తనకు తోచిన క్రొత్త సంకేతమును అడుగుగీతతో మొదలుపెట్టి వ్రాయుటయు అనుమతింపబడినది. ఈ రెండవదారి ప్రమాదకరమైనది. ఒకరి సొంత సంకేతమును మఱొకరు ఎఱిగి తీరవలెనను నియమము లేదు. గోత్రమును సామాన్యసంకేతము క్రింద వ్రాసిన ఫైలు పదిచోట్ల తిరిగినను గోత్రము నిలుచును. సొంత సంకేతముతో వ్రాసిన ఫైలులో అది తొలి మజిలీలోనే జారిపోవచ్చును.

ఇంతవఱకు చెప్పినది పైపై నష్టము. లోతైన నష్టమును తెలిసికొనుటకు ‘ది మాస్టర్ జీనియాలజిస్ట్’ అను ప్రోగ్రాము చరిత్ర మిక్కిలి యుపకరించును. 1993లో వెలువడిన ఈ ప్రోగ్రామును పరిశోధనదృష్టి గలవారు విశేషముగా నాదరించిరి. దీనియందు వివాహమను సంఘటనకు వధూవరులే గాక, అచటనున్న సాక్షులు, పురోహితుడు మొదలగువారిని కూడ వారి వారి పాత్రలతో చేర్చుటకు వీలుండెను. అంతకంటె ముఖ్యమైన దింకొకటి. ఒక సంగతికి ఒక యాధారమును చూపునపుడు, ఆ యాధార మెంత నమ్మదగినదో తెలుపు సంఖ్యలను ఐదుచోట్ల వేఱువేఱుగా వేయవచ్చును: మొదటి వ్యక్తి విషయమున నొకటి, రెండవ వ్యక్తి విషయమున నొకటి, తేదికి, స్థలమునకు, వివరణమునకు నొక్కొక్కటి. ఇది శాస్త్రీయమైన యేర్పాటు. శిలాశాసనము దాతపేరు విషయమున పరమప్రమాణము కావచ్చును. అదే శాసనము చెప్పు ముత్తాత విషయమున జనశ్రుతి మాత్రమే కావచ్చును. ఒకే సాక్షిని ఒక మాటకు నమ్మి మఱొకమాటకు శంకించుట పరిశోధకునకు నిత్యకృత్యము.

2014లో ఆ ప్రోగ్రాము విక్రయమును, సహాయమును నిలిపివేయుచున్నట్లు ప్రకటింపబడెను. దానిని నమ్ముకొన్నవారు వేఱుదారి వెదకుకొనవలసివచ్చెను. జెడ్‌కామ్ 5.5.1లో ఒక యాధారమునకు విశ్వాస్యతాసంఖ్య ఒక్కటే. సున్న మొదలు మూడు వఱకు. ఐదుసంఖ్యలు ఒకటి కావలెను, లేదా మాయము కావలెను. వ్యక్తికిని వ్యక్తికిని సంబంధము చెప్పుటకు సంకేత మున్నది గాని, దానిని వ్యక్తి క్రింద వ్రాయవలెనే తప్ప సంఘటన క్రింద వ్రాయుటకు వీలులేదు. వివాహమునకు వచ్చిన సాక్షి వివాహమునుండి విడిపోవును. (7.0 కూర్పున ఈ లోపము సవరింపబడినది.) సంస్కృతమునందలి ద్వివచనమును తెనిగించునపుడు మనము బహువచనముతో సరిపెట్టుకొందుము, తెలుగు మాత్రమే చదువువానికి అచట ఇద్దఱే యుండిరను సంగతి తెలియదు, తెలియలేదనియు తెలియదు. ఇచట జరిగినదియు నట్టిదే.

అప్పుడు రూట్స్‌మ్యాజిక్, ఫ్యామిలీ హిస్టారియన్ అను ప్రోగ్రాములవారు జెడ్‌కామ్ మధ్యవర్తిత్వము లేకుండ ఆ పాతప్రోగ్రాము సొంత ఫైళ్లనే నేరుగా చదువు సాధనములను సమకూర్చిరి. సాక్షులు, వారి పాత్రలు ఈ మార్గమున చాలవఱకు నిలిచినవి. మాతృక దొరకునపుడు దాని పుత్రికను చూచి వ్రాయరాదను మన పాతనియమమునకు ఇంతకంటె మంచి తార్కాణము దొరకదు. ఐనను స్వీకరించు ప్రోగ్రామున ఐదుసంఖ్యలకు చోటులేనిచో నేరుగా చదివినను ప్రయోజన ముండదు.

వంశవృక్షమును మార్చునపుడు పోవునవి పేర్లు కావు. పేర్లు, తేదులు, తల్లిదండ్రుల సంబంధములు సాధారణముగా చేరుచునే యున్నవి. పోవునవి ఆ పేర్లు నిలుచుటకు ఆధారభూతములైన ప్రమాణములు. ప్రమేయము మిగిలి ప్రమాణము నశించును. అందువలన నష్టము నష్టముగా కానరాదు సరికదా, సంశయితమైనది సిద్ధాంతరూపము దాల్చి వెనుకటికంటె నిండుగా కనబడును. ఈ మాటను మా యింటి యనుభవముతో వివరించెదను.

మా పితామహుడు చిట్టా పుస్తకమున వ్రాసియుంచిన వంశావళిని జ్ఞాతియువకు డొకడు ఒక ప్రోగ్రామున నెక్కించెను. కొన్నియేండ్లకు దానిని విడిచి మఱొక ప్రోగ్రామునకు మార్చెను. వ్యక్తుల సంఖ్య సరిపోయినది, కుటుంబముల సంఖ్య సరిపోయినది, అందఱము సంతోషించితిమి. ఇది లేఖకునకు కూలి యిచ్చుటకై ముప్పదిరెండక్షరముల కొక గ్రంథముచొప్పున లెక్కగట్టుట వంటిదని నాకప్పుడు తట్టలేదు. గ్రంథసంఖ్య సరిపోయినంతమాత్రమున పాఠము సరిపోయినదని యే పరిష్కర్తయు తలపడు.

మా వంశమున తాతపేరు మనుమనికి పెట్టు నాచారము కలదు. ఒకే యింటిపేరు, ఒకే పేరు గల తాతామనుమ లిరువురున్నారు. వారిలో నొకరి జాతకచక్రము శిథిలమై దొరకినది. అందు చదువదగినవి పేరును, ‘విరోధి మాఘము’ అను రెండు మాటలును మాత్రమే. విరోధి సంవత్సరము అఱువదియేండ్ల కొకసారి వచ్చును. 1829-30లో నొకటి, 1889-90లో నొకటి. మాఘమాస మగుటచే మొదటిదైనచో 1830 తొలినెలలు, రెండవదైనచో 1890 తొలినెలలు. తాతదైన నదియు కుదురును, మనుమనిదైన నిదియు కుదురును! మా పితామహుని చెల్లెలు, మేము అవ్వ యని పిలుచునామె, అది తన తండ్రిదే యని చెప్పెను. తన తల్లిజాతకముతో కలిపి ఒకే గుడ్డలో ముడివేసియుండగా తాను చిన్ననాట చూచితిననెను. ఆ మాటనుబట్టి 1890 గ్రహించితిమి. ఇది ఊహ, మంచి ఊహయే కావచ్చును. పాతప్రోగ్రామున ‘విరోధి మాఘము’ అను మూలవాక్యము, దాని క్రింద అవ్వ చెప్పిన మాట, అది దుర్బలప్రమాణమని తెలుపు సంఖ్య, అన్నియు నుండెను. క్రొత్తప్రోగ్రామున 1890 అని మాత్రమే యున్నది. అవ్వ అప్పటికే గతించినది.

తప్పు వాహకమునదా, లేఖకునిదా యని విచారించుటకై నేను ఆ జెడ్‌కామ్ ఫైలును తెఱచి పంక్తి పంక్తియు చదివితిని. విశేషమేమనగా, అందు సమస్తమును ఉన్నది. మూలమున నున్న మాటలను కుండలీకరణములలో నుంచి, దాని ప్రక్క మన వ్యాఖ్యానముగా తేదిని వ్రాయుటకు 5.5.1లో చక్కని యేర్పాటు కలదు. పాతప్రోగ్రాము దానిని సక్రమముగా వాడినది. చదువునది తేదిని గ్రహించి, మూలవాక్యమును వదలివేసినది. ఫ్రెంచి విప్లవకాలపు పంచాంగమునకు, హీబ్రూ పంచాంగమునకు జెడ్‌కామ్‌లో చోటుండి, మన సంవత్సరనామములకు లేకపోవుట లోపమే. కాని మాటలను మాటలుగా మోయుటకు అది నిరాకరింపలేదు. జెడ్‌కామ్‌ను నిందించుట పరిపాటియైన యీ దినములలో ఈ సంగతి చెప్పుట న్యాయమని తోచుచున్నది. పెక్కుచోట్ల చెడ్డది వ్రాత కాదు, చదువు.

అంతటితో ముగియలేదు. క్రొత్తప్రోగ్రాము ఒకే పేరు గలవారిని వెదకి, వీరిరువురు నొకరే కావచ్చును, కలిపివేయుదునా యని యడుగుచుండెను. తాతామనుమలను ఒక్కరినిగా చేసినచో రెండుతరములు ఒకదానిలో నొకటి క్రుంగిపోయెడివి. మనదేశమున ఈ ప్రశ్నకు అలవాటుగా ఔనని చెప్పుట కంటె ప్రమాదము లేదు.

రెండవ సంగతి మా ప్రపితామహుని అన్నగారిది. ఆయన బాల్యముననే దత్తత వెళ్లెను. జన్మకుటుంబము, దత్తకుటుంబము రెండును పాతప్రోగ్రామున వేఱువేఱు గుర్తులతో నుండెను. మార్పునందు కుటుంబములు రెండును చేరినవి. ఏది జన్మసంబంధమో, ఏది దత్తసంబంధమో తెలుపు గుర్తు చేరలేదు. క్రొత్తప్రోగ్రాము రెంటిలో ఒకదానిని ముఖ్యమైనదిగా నెంచుకొని, పటము గీయునపుడు దానినే గీసినది. మా యింట ఒక వివాహమున ఆ పటమును పెద్దదిగా అచ్చువేయించి గోడకు తగిలించిరి. ఆ దత్తుని మనుమలలో నొకరు, ఎనుబదియేండ్లు దాటినవారు, చేతికఱ్ఱ ఊతగా దానిముందు చాలసేపు నిలిచి, “మేము మీకేమీ కామా, నాయనా?” అని నన్నడిగిరి. నాకు సమాధానము తోచలేదు. ప్రోగ్రాము మార్చితిమని ఆయనకు నేనెట్లు చెప్పుదును?

ఇది మనస్తాపముతో పోవు విషయము కాదు. 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టము ప్రకారము దత్తునకు జన్మకుటుంబముతోడి సంబంధములు తెగిపోవును; కాని జన్మకుటుంబమున నుండినచో ఎవరిని వివాహమాడరాదో, దత్తత పోయిన పిమ్మటను వారిని వివాహమాడరాదు. అనగా రెండు సంబంధములకును వేఱువేఱు ప్రయోజనములు కలవు. ఒకటి దాయమునకు, రెండవది వివాహనిషేధమునకు. మేనరికములు నడచు దేశమున ఎవరికెవరు వరుస యగుదురో, ఎవరికి కారో చూచుకొనుటకే పెక్కుమంది వంశవృక్షమును తెఱతురు. గుర్తుపోయిన పటము వారికి నిశ్శబ్దముగా తప్పు చెప్పును.

వ్రాతకు సంబంధించిన చిన్నదోష మొకటి కూడ చెప్పవలెను. 5.5.1లో పొడవైన వివరణమును ముక్కలుచేసి, తరువాతి ముక్క ముందుదానికి అతుకవలెనని తెలుపు సంకేతముతో వ్రాయుదురు. పంక్తి చివరనున్న ఖాళీని కొన్ని ప్రోగ్రాములు తుడిచివేయును. అప్పుడు రెండుమాటలు కలిసిపోవును. ఆంగ్లమున నిది వెంటనే కంటబడును. తెలుగున ‘తాత గారి’ ‘తాతగారి’ యైనచో ఎవరు గుర్తింతురు? మఱియు యూటీఎఫ్-8లో ‘శ్రీ’ యను ఒక్క యక్షరమునకు 12 బైట్లు పట్టును. లెక్కకు అడ్డుపడి దానిని నడుమ ఖండించు ప్రోగ్రాము చేతిలో శ్రీకారము పిచ్చిగీత యగును. 7.0 కూర్పున ఈ అతుకుల పద్ధతిని తీసివేసిరి.

ఇట్టి చిక్కులకు విరుగుడుగా కొందఱు సమస్తమును వివరణభాగమున వాక్యములుగా వ్రాసికొనుడని చెప్పుదురు. వివరణములు సాధారణముగా అన్ని ప్రోగ్రాములకును చేరుననుట నిజమే. నేను దీనిని సగము మాత్రమే అంగీకరింతును. వాక్యముగా మాఱిన సాక్ష్యమును మనుష్యుడు చదువగలడు గాని ప్రోగ్రాము వెదకి వేఱుచేయలేదు. ఐనను అంచున వ్రాసిన టిప్పణి వలన మూలపాఠము దొరకిన సందర్భములు మనకు తెలియనివి కావు. అవ్వ మాట సంఖ్యగా నశించుటకంటె వాక్యముగా బ్రతుకుట మేలు.

ప్రోగ్రామును మార్చదలచినవారు వంశమునంతను ఒక్కసారిగా పంపరాదు. దత్తత, రెండు వివాహములు, సంవత్సరనామముతో నున్న జననము, ఇద్దఱు సాక్షులు విభేదించు సంగతి, ఇట్టివి గల చిన్నకుటుంబము నొకదానిని ఏర్చి మొదట దానిని పంపవలెను. చేరినదానిని మరల జెడ్‌కామ్‌గా వ్రాయించి, పంపిన ఫైలుతో పంక్తికి పంక్తిని సరిచూడవలెను. బ్రౌనుదొర పండితులను గూర్చుండబెట్టి ప్రతికి ప్రతిని పోల్పించిన పని యిదియే. ఒక సాయంకాలమున ముగియును. జెడ్‌కామ్ ఫైలు శిరోభాగమున, వ్రాసిన ప్రోగ్రాము పేరు, కూర్పు సంఖ్య, తేది యుండును. ఇది మన ప్రతులలోని లేఖకుని గద్య వంటిది. చదువు ప్రోగ్రాములు సాధారణముగా దీనిని నిలుపుకొనవు గనుక దానిని వేఱుగా వ్రాసియుంచుకొనవలెను. మాతృకను మాత్రము ఏ కారణముచేతను చెఱుపరాదు. క్రొత్తది బాగున్నదిగదా యని పాతదానిని తుడిచివేసినవాడు మిగిలిన రాగిరేకులను కరగించినవానితో సమానుడు.

మా పటమున దత్తతగుర్తును చేతితో మరల పెట్టితిమి. ఆ పెద్దాయన శాఖను జన్మస్థానమున చుక్కలగీతతో కలిపి, మరల అచ్చువేయించి, వారి యింటికి కొనిపోయి యిచ్చితిని. 1890 ప్రక్కన ‘విరోధి మాఘము’ చేరినది. అవ్వ మాటను వివరణమున వాక్యముగా వ్రాసితిమి. ఆమె యా మాట ఏనాడు, ఎవరితో చెప్పినదో మాత్రము పాతఫైలునందే యున్నది. దానిని తెఱవగల పాతకంప్యూటరు నొకదానిని అందులకే ఉంచితిమి.